హాట్ వీల్స్ మెయిన్‌లైన్ కారు విప్పి మళ్ళీ మరలతో బిగించడం: రివెట్, రంగు, టైర్లు

చిన్నబండి_కాకినాడ

అన్నలూ, ఒక హాట్ వీల్స్ బొమ్మ కారుని (మెయిన్‌లైన్, అంటే దుకాణాల్లో దొరికే మామూలు రకం) పూర్తిగా విప్పి కొత్త రంగు వెయ్యాలి. మెటల్ బాడీ, ప్లాస్టిక్ బేస్, అడుగున ముందొకటి వెనకొకటి రెండు రివెట్లు. నా దగ్గర 12 వోల్టుల మినీ డ్రిల్, 1 నుంచి 4 మి.మీ. వరకు బిట్లు, చిన్న ఆకురాళ్ళ సెట్టు, కాలిపర్ ఉన్నాయి. తెలియాల్సినవి ఇవీ:

1. రివెట్ ఏ సైజు బిట్‌తో, ఎంత లోతు తియ్యాలి? వీడియోల్లో ఒకరు 3 మి.మీ. అంటారు, ఇంకొకరు 4 అంటారు.

2. తిరిగి బిగించేటప్పుడు జిగురు వద్దు. ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పేలా మరలు కావాలి. ఏ సైజు మర పడుతుంది?

3. పాత రంగుకి అసిటోన్ సరిపోతుందా, పెయింట్ రిమూవరే కావాలా? కాస్టిక్ సోడా నీళ్ళలో వేస్తే చాలని ఒక చోట రాశారు. నిజమేనా?

4. ప్లాస్టిక్ చక్రాలు తీసి రబ్బర్ టైర్ల సెట్టు పెట్టాలంటే బేస్‌లో ఏం మార్చాలి?

జింకుపోస్ట్

తమ్ముడూ, బిట్ పెట్టేముందు అక్కడున్నది ఏంటో చూడు. రివెట్ అని పిలుస్తాం గానీ అది విడిగా కొట్టిన మేకు కాదు. బాడీతో పాటే పోతపోసిన చిన్న స్తంభం, పోస్ట్ అంటాం. అది బేస్‌లో ఉన్న బెజ్జంలోంచి బయటికొస్తుంది. ఫ్యాక్టరీలో దాని కొసని నొక్కి వెడల్పుగా పరిచేస్తారు, బేస్ ఇక ఊడిరాదు. అంటే నువ్వు తియ్యాల్సింది ఆ పరిచిన అంచు ఒక్కటే. కింద పోస్ట్ చెక్కుచెదరకూడదు, రేపు మర పట్టేది దాంట్లోనే. వీడియోల్లో 3 మి.మీ. బిట్ పెట్టి లోపలికంటా దించేస్తారు. పోస్ట్ మందమే చాలా కార్లకి 3 మి.మీ. అటూ ఇటూ ఉంటుంది. అంత బిట్ లోపలికి దిగితే మిగిలేది పలచని పెంకు, దానికి మర పట్టదు. జిగురు వాడేవాళ్ళలో సగం మంది అలా తేలినవాళ్ళే.

నేను చెప్పే వరస వేరు. మర బెజ్జం ముందు, తల తియ్యడం తర్వాత.

తల వెడల్పు కాలిపర్‌తో కొలిచి, సగానికి అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గియ్యి. రెండూ కలిసిన చోట సెంటర్ పంచ్‌తో చుక్క పెట్టు. సుత్తి వద్దు, చేత్తో గట్టిగా అదిమితే చాలు. బాడీ జామక్ అనే మిశ్రమలోహం: ఎక్కువ భాగం జింక్, దాదాపు 4 శాతం అల్యూమినియం, కొంచెం మెగ్నీషియం, రాగి. ఉక్కు ముందు చాలా మెత్తన. చాలా రివెట్ల తల మీద ఫ్యాక్టరీ గుంట ఒకటి ఉంటుంది, దాన్ని నమ్మొద్దు, అది నడిమధ్యలో ఉండాలని ఏమీ లేదు.

ఇప్పుడు 1.6 మి.మీ. బిట్‌తో నిలువుగా 5 మి.మీ. లోతు వెయ్యి. బిట్ మీద 5 మి.మీ. దగ్గర టేపు ముక్క చుట్టుకో, అది తలకి తగలగానే ఆపాలి. ఈ బెజ్జానికి రెండు పనులు. రేపు దీంట్లోనే ఎం2 మరకి గాట్లు పడతాయి. ఇప్పుడేమో పెద్ద బిట్ పక్కకి జారకుండా దారి చూపిస్తుంది.

తర్వాత 4 మి.మీ. బిట్. దీన్ని మోటారుతో తిప్పొద్దు. పిన్ వైస్‌లో, అంటే బిట్‌ని పట్టుకుని వేళ్ళతో తిప్పే చిన్న పిడిలో, పెట్టి చేత్తోనే తిప్పు. నాలుగు చుట్లు, ఊది చూడు, మళ్ళీ నాలుగు చుట్లు. తల పలచబడుతూ పలచబడుతూ, అంచు సన్నని రింగులా తెగి బిట్ మీదికెక్కి దాంతో పాటు తిరుగుతుంది. ఆ రింగు కనబడగానే చెయ్యి తీసెయ్. ఇంకో రెండు చుట్లు తిప్పినా తెగేది పోస్టే. పోస్ట్ కొస కాస్త గిన్నెలా గుంట పడుతుంది, దాంతో ఇబ్బంది లేదు.

మోటారుతోనే తియ్యాలంటే అన్నిటికన్నా తక్కువ వేగంలో పెట్టు. వేగం పెరిగితే జింక్ వేడెక్కి బిట్ గాడుల్లో అతుక్కుంటుంది, బిట్ కొయ్యడం మానేసి రుద్దడం మొదలెడుతుంది. ఆ వేడికి ప్లాస్టిక్ బేస్ బెజ్జం కరిగి వెడల్పవుతుంది. తర్వాత మర తల దాంట్లోంచి జారిపోతుంది. కుట్టుమిషన్ నూనె ఒక చుక్క వేసి, మధ్యమధ్యలో గాడులు బ్రష్‌తో శుభ్రం చెయ్యి.

ఇంకోటి. కొన్ని కార్లకి వెనక ఒక్కటే రివెట్ ఉంటుంది, ముందు బేస్ నాలుక లాంటిది బాడీ లోపల ఇరుక్కుని ఉంటుంది. అలాంటివాటికి వెనకవైపు లేపి, వెనక్కి లాగుతూ తియ్యాలి. ముందునుంచి స్క్రూడ్రైవర్ పెట్టి పైకి తన్నితే ఆ నాలుక విరిగి చేతికొస్తుంది.

రాణీగంజ్_పానా

జింకుపోస్ట్ అన్న చెప్పిన వరస కరెక్టే. మర సంగతి నేను చెప్త.

ఎం2 అంటే 2 మి.మీ. మందం, గాటుకి గాటుకి 0.4 మి.మీ. దూరం. దానికి బెజ్జం 1.6. బెజ్జంల గాట్లు కోసే పనిముట్టుని ట్యాప్ అంటరు, కొనేటప్పుడు ఎం2×0.4 అని అడుగు. సికింద్రాబాద్ రాణీగంజ్ టూల్స్ దుకాణాలల్ల చిన్న ట్యాపులు దొరుకుతయ్, ఆన్‌లైన్ల సెట్టుగా కూడా వస్తయ్. మరలు మాత్రం కొత్తవి వెతుక్కునుడు ఎందుకు, ల్యాప్‌టాప్ రిపేర్ చేసేటోళ్ళ దగ్గర డబ్బాల కొద్ది పడి ఉంటయ్. ల్యాప్‌టాప్‌లల్ల ఎక్కువ వాడేది ఎం2, ఎం2.5. తల వెడల్పుగ పల్చగ ఉంటది, మనకు కావాల్సింది అదే. సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీలనో, కోఠి గుజరాతీ గల్లీలనో అడిగితే దొరుకుతయ్. మొబైల్ మరలు తేకు, అవి 1.4 మి.మీ. సైజువి, ఈ బెజ్జంల ఊగుతయ్.

పొడవు 4 మి.మీ. తీస్కో. బేస్ మందం పోను రెండున్నర మి.మీ. దాకా పోస్ట్‌ల పడ్తది, ఈ బరువుకు అది మస్తు. బెజ్జం లోతు కంటే మర పొడుగుంటే కింద తగిలి పోస్ట్‌ని పగలగొడ్తది, లేకుంటే బానెట్ మీద చిన్న బుడిపె లేస్తది. ఆ బుడిపె రంగేసినంక ఇంకా కొట్టొచ్చినట్టు కనబడ్తది.

ట్యాప్ తిప్పుడుల తొందర పనికిరాదు. పిన్ వైస్‌ల పెట్టి వేళ్ళతోనే తిప్పాలె, పెద్ద హ్యాండిల్ పెట్టకు. ఒక సగం చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి. రెండు చుట్లకోసారి పూర్తిగ బయటికి తీసి పొడి దులుపు, నూనె చుక్క వెయ్యి. బెజ్జం అడుగుల జింక్ పొడి నిండితే ట్యాప్ ముందుకు పోదు, నువ్వు ఇంకింత బలం పెడ్తవు, టప్పుమని విరుగుతది. ట్యాప్ గట్టి ఉక్కు, పోస్ట్ మెత్తటి జింక్. విరిగిన ముక్క మీద బిట్ పెడితే బిట్ జారి జింక్‌ల దిగుతది గానీ ముక్క మీద గీత కూడ పడదు.

ట్యాప్ లేకుండ సెల్ఫ్ ట్యాపింగ్ మర నేరుగ బిగిస్తె గాదా అంటరు. బిగుస్తది. మూడు నాలుగుసార్లు విప్పి పెట్టినంక గాట్లు అరిగి ఊకె తిరుగుతది. విప్పుడే పని అన్నవు గద, ట్యాపే కొను.

మర బిగించే ముందు బేస్ బెజ్జం కొలువు. తల తీసినంక అది 3 మి.మీ. పైన ఉంటది. మర తల 4 మి.మీ. కంటే చిన్నగుంటే కింద పల్చటి వాషర్ వెయ్యి.

చిన్నబండి_కాకినాడ

చాలా వివరంగా చెప్పారు అన్నా. ఒక్క అనుమానం. ఇది బాగా కిందికుండే స్పోర్ట్స్ కారు. ముందు పోస్ట్ సరిగ్గా బానెట్ కింద ఉంది. 5 మి.మీ. లోతు వేస్తే బానెట్ చీల్చుకుని పైకి రాదా?

జింకుపోస్ట్

మంచి అనుమానం. ముందు వెనక పోస్టుతో మొదలెట్టు, అక్కడ సాధారణంగా ఎత్తు ఎక్కువ. ముందు చక్రం పక్క సందులోంచి టార్చి వేసి చూస్తే బేస్‌కీ బానెట్ లోపలి వైపుకీ ఎంత ఎడం ఉందో కనబడుతుంది, ఆ సందులోకి అగ్గిపుల్ల దూర్చి గుర్తు పెట్టి కొలువు. ఎడం 4 మి.మీ. ఉంటే, దానికి బేస్ మందం, పైన తల మందం కలుపు. ఆ మొత్తంలోంచి 1 మి.మీ. వదిలేసి టేపు చుట్టుకో. లెక్క తేలకపోతే 4 మి.మీ. తోనే ఆగు. కారు విప్పాక లోపలినుంచి చూస్తూ మిగతా లోతు వేసుకోవచ్చు. బిట్ బానెట్ దాకా వెళ్తే బెజ్జం పడకపోయినా, లోహం పైకి ఉబ్బుతుంది. ఆ ఉబ్బుని ఆకురాయితో అరగదీస్తే అక్కడే పలచబడి బెజ్జం పడుతుంది.

పాతకార్డు

మధ్యలో వస్తున్నా, డ్రిల్ ఆన్ చేసే ముందు ఒక్కసారి కారు తిప్పి చూసుకోండి. బాడీ మీద ఎక్కడైనా గుండ్రటి గీతలో చిన్న మంట గుర్తు గానీ, ‘TH’ అక్షరాలు గానీ ఉన్నాయా? ఉంటే అది ట్రెజర్ హంట్ అనే, తక్కువ సంఖ్యలో వచ్చే రకం కావచ్చు. 1995 నుంచి వస్తున్నాయి. 2007 నుంచి దాంట్లోనే మెరిసే రంగుతో, రబ్బర్ టైర్లతో ఇంకో రకం కూడా వస్తోంది, సూపర్ అంటారు. అలాంటిదాన్ని కొయ్యడం డబ్బు తగలెయ్యడమే.

అలాగే బేస్ మీద సంవత్సరం చూసి పాత కారు, విలువైనది అని కంగారు పడకండి. అది ఆ అచ్చుకి కాపీరైట్ తీసుకున్న సంవత్సరం, మీ చేతిలో ఉన్న కారు తయారైనది కాదు. అదే అచ్చుతో పదేళ్ళ తర్వాత కూడా కార్లు పోస్తూనే ఉంటారు. నిజంగా పాత కారు, 1968 నుంచి 77 దాకా వచ్చిన ఎర్ర గీత చక్రాల రకం చేతికొస్తే మాత్రం రంగు ముట్టుకోవద్దు.

డాలస్_డైకాస్ట్

మూడో ప్రశ్న నాది.

కాస్టిక్ సోడా వద్దే వద్దు. ఇనుము మీద అది రంగే తింటుంది, ఇక్కడ లోహాన్నీ తింటుంది. జింక్, అల్యూమినియం రెండూ క్షారంలో కరుగుతాయి, కరుగుతూ హైడ్రోజన్ వదుల్తాయి. గంట తర్వాత తీస్తే రంగు పోయి ఉంటుంది నిజమే. దాంతో పాటు డోర్ గీతలు, హెడ్‌లైట్ అంచులు మొద్దుబారి బాడీ నల్లగా తేలుతుంది. పుల్లటివి కూడా అంతే. ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండు, నిమ్మకాయ, వెనిగర్ పెట్టి తళతళలాడిద్దామనుకోవద్దు, జింక్ మీద బుడగలొచ్చి ఉపరితలం గరుకెక్కుతుంది.

అసిటోన్ విషయం: మూతున్న గాజు సీసాలో బాడీ మునిగేలా పోసి ఒక రాత్రి ఉంచితే కొన్ని రంగులు పొరలు పొరలుగా ఊడతాయి, కొన్ని మెత్తబడి అక్కడే కూర్చుంటాయి. కారు కారుకీ తేడా. మొదట అదే ప్రయత్నించు, ఖర్చు తక్కువ. కానీ అద్దాలు, సీట్ల ముక్క, బేస్ అన్నీ తీసేశాకే. అసిటోన్ ఆవిరి తగిలినా పారదర్శక ప్లాస్టిక్ తెల్లబడుతుంది.

పెయింట్ రిమూవర్ జెల్ అయితే 10, 15 నిమిషాల్లో రంగు ముడతలు పడి లేచొస్తుంది. డబ్బా మీద చదువు. మిథిలీన్ క్లోరైడ్ అనో డైక్లోరోమీథేన్ అనో ఉంటే అది గట్టి రకం. దాని ఆవిరి గాలికంటే బరువు, మూసిన గదిలో కిందే పేరుకుంటుంది. ఇక్కడ అమెరికాలో బాత్‌టబ్బుల రంగు తీసేవాళ్ళు బాత్రూముల్లోనే చనిపోయారు. 2019లో ఈపీఏ, అంటే ఇక్కడి పర్యావరణ సంస్థ, మామూలు జనానికి అమ్మకం ఆపేసింది కూడా అందుకే. ఇప్పుడు ఇక్కడ మేం వాడేది బెంజైల్ ఆల్కహాల్ రకం జెల్, దానికి కొన్ని గంటలు పడుతుంది, అంతే తేడా. మీ దగ్గర గట్టి రకమే దొరికితే డాబా మీద, గాలి వీపు వైపునుంచి వచ్చేలా కూర్చుని చెయ్యండి. సన్నని నైట్రైల్ తొడుగులు నమ్ముకోవద్దు, ఆ ద్రవం వాటిలోంచి నిమిషాల్లో దూరుతుంది. బాడీని పట్టకారుతోనే పట్టుకోవాలి, స్టీలు గిన్నె వాడాలి, ప్లాస్టిక్ గ్లాసు కరిగిపోతుంది.

రంగు లేచాక పాత టూత్‌బ్రష్‌తో గీతల్లో రుద్ది, గిన్నెలు తోమే లిక్విడ్‌తో రెండుసార్లు కడుగు. పోస్టుల బెజ్జాల్లో, ఫెండర్ల లోపలి మూలల్లో జెల్ దాక్కుంటుంది. అక్కడికి సిరంజితో నీళ్ళు కొట్టు. కడిగిన వెంటనే గుడ్డతో తుడిచి ఆరబెట్టు. తడిగా వదిలేస్తే జింక్ మీద తెల్లటి పొడి పుడుతుంది. ఆరాక చేత్తో ముట్టుకోకుండా అదే రోజు ప్రైమర్ వేసెయ్.

మొత్తం రంగు వద్దు, పక్కన ప్రింటు బొమ్మలు మాత్రమే పోవాలంటే ఇదంతా అక్కర్లేదు. ఇయర్‌బడ్ కొసకి అసిటోన్ తడిపి ఒకే దిక్కుగా రెండుసార్లు తుడువు, బడ్ మార్చు. ప్రింటు ముందు పోతుంది. అదే చోట పదిసార్లు రుద్దితే కింది రంగు మెరుపు కూడా పోతుంది. ఇంటీరియర్ మీదో బేస్ మీదో క్రోమ్ పూత తియ్యాలంటే మామూలు బ్లీచ్ ద్రవంలో వేసి ఉంచు, క్రోమ్ పోయి ప్లాస్టిక్ నిలుస్తుంది.

విశాఖ_స్ప్రే

రంగు దగ్గర జరిగే తప్పుల్లో ముప్పాతిక రంగు డబ్బా మూత తియ్యకముందే జరిగిపోతాయి. బుడగలు వచ్చాయంటే లోపల ఏదో మిగిలిపోయిందన్నమాట: రిమూవర్, సబ్బు, చేతి జిడ్డు, లేదా ఆరని ప్రైమర్.

ముందు పోత గీతలు చూడండి. అచ్చు రెండు సగాలు కలిసిన చోట ఫెండర్ మీద, టాప్ అంచుల్లో సన్నని గీత ఉంటుంది. సన్న ఆకురాయితో అది తీసి, 400 వాటర్ పేపర్, తర్వాత 800 తడిపి రుద్దండి. పొడిగా రుద్దొద్దు, ఆ దుమ్ము ముక్కులోకి పోకూడదు. ప్రైమర్‌కి ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి.

బాడీని లోపలినుంచి ఐస్‌క్రీమ్ పుల్లకి డబుల్ సైడ్ టేపుతో అంటించి పట్టుకోండి. పోస్టుల బెజ్జాల్లో అగ్గిపుల్ల ముక్కలు దూర్చండి. లేకపోతే గాట్లలో రంగు నిండుతుంది, మర దిగదు. పోస్ట్ కొస మీద రంగు ఉన్నా బేస్ సరిగ్గా కూర్చోక వంగినట్టు కనబడుతుంది.

జింక్‌కి ఎచ్ ప్రైమర్ (లోహాన్ని కొద్దిగా కొరికి పట్టే రకం) బాగా పట్టుకుంటుంది. డబ్బా 20 నుంచి 25 సెం.మీ. దూరంలో, కారుకి ముందే స్ప్రే మొదలెట్టి కారు దాటాక వదలాలి. మొదటి చుట్టు పలచగా, లోహం ఇంకా కనబడేలా. పది పదిహేను నిమిషాలు ఆగి రెండోది. ఇంత చిన్న కారుకి ప్రైమర్ రెండు పలచని కోట్లు, రంగు రెండు మూడు, క్లియర్ (పైన వేసే పారదర్శక పూత) రెండు. ఇంతకి మించితే డోర్ గీతలు పూడుకుపోయి కారు సబ్బుబిళ్ళలా తయారవుతుంది.

ఏది మీద ఏది వేస్తున్నారో చూసుకోండి. ఎనామెల్ మీద లాకర్ పడితే లాకర్‌లోని థిన్నర్ కింది పొరని తినేసి ముడతలు పెడుతుంది. లాకర్ మీద ఎనామెల్ పర్వాలేదు. అనుమానం ఉంటే అంతా ఒకే రకంలో ఉంచండి. నెయిల్ పాలిష్ కూడా నైట్రోసెల్యులోజ్ లాకరే. ఎయిర్‌బ్రష్ ఉంటే అసిటోన్‌తో పలచన చేసి కొట్టొచ్చు. మెరుపు రంగులు ఈ స్కేలులో దాంట్లో వచ్చినంత బాగా మామూలు కార్ పెయింట్‌లో రావు, రేకులు మరీ పెద్దవి.

కాకినాడ అన్నారు కాబట్టి ఒక మాట. మన కోస్తాలో వానాకాలం లాకర్ కొడితే ఆరేసరికి తెల్లటి మంచు పట్టినట్టు అవుతుంది. థిన్నర్ గబగబా ఎగిరిపోతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలో తేమ దాని మీద చేరి పొరలో ఇరుక్కుంటుంది. ముసురు రోజు వద్దు, ఎండ ఉన్న రోజు పదకొండింటి తర్వాత కొట్టండి. రిటార్డర్ థిన్నర్ కలిపితే నెమ్మదిగా ఆరి ఆ తెలుపు రాదు. డబ్బాని గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచితే స్ప్రే సన్నగా పడుతుంది, పొయ్యి దగ్గరికి మాత్రం తీసుకెళ్ళొద్దు. తొందరగా ఆరాలని ఓవెన్‌లో పెట్టేవాళ్ళున్నారు. 60 డిగ్రీలు దాటించకండి. పోతలో సన్నని గాలి గుల్లలుంటాయి, వాటిలో ఇంకిన తేమ, థిన్నర్ వేడికి పైకొచ్చి పొరని పొక్కిస్తాయి.

క్లియర్‌కి 2కె రకం (గట్టిపరిచే ద్రవం కలిపి వాడేది) వాడితే గట్టిగా, గాజులా వస్తుంది. దాంట్లో ఐసోసయనేట్ ఉంటుంది, దుమ్ము మాస్కు దానికి పనికిరాదు. సరైన కార్ట్రిడ్జి మాస్కు లేకపోతే ఏమీ కలపక్కర్లేని 1కె తోనే సరిపెట్టుకోండి, బొమ్మ కారుకి అది చాలు.

డెకాల్స్ (బాడీ మీద అంటించే బొమ్మలు) గురించి మీరు అడగలేదు. రంగుకీ క్లియర్‌కీ మధ్య వెయ్యాలి, అంతవరకు గుర్తుంచుకోండి.

బెజవాడ_బిట్

ఇదే థ్రెడ్‌లో అడుగుతున్నా. ఒక కారు ముందు పోస్ట్ 3 మి.మీ. బిట్‌తో ముందే పాడైంది. అంచున పలచని గోడ మిగిలింది, ఒక పక్క చీలింది. దీనికి మరలతో దారి ఉందా, ఎం-సీల్ కూరి మర దించెయ్యమంటారా?

జింకుపోస్ట్

ఎం-సీల్ పుట్టీ ఎం2 గాట్లకి నిలవదు, రెండోసారి విప్పగానే పొడి రాలుతుంది. అరాల్డైట్ లాంటి నెమ్మదిగా గట్టిపడే రెండు ట్యూబుల ఎపాక్సీ తీసుకో, ఐదు నిమిషాల రకం కాదు. సమపాళ్ళలో కలుపు.

చీలిన గోడ పూర్తిగా తీసి, అడుగుని 240 పేపర్‌తో గరుకు చెయ్యి. మెరిసే జింక్ మీద ఎపాక్సీ పట్టు తక్కువ. ల్యాప్‌టాప్, సర్క్యూట్ బోర్డుల్లో వాడే ఎం2 ఇత్తడి స్టాండాఫ్ (చిన్న బోలు స్తంభం) ఒకటి సంపాదించి, పాత పోస్ట్ ఎత్తుకి కోసుకో. దాంట్లో గాట్లు ముందే ఉంటాయి, ట్యాప్ పని తప్పుతుంది. స్టాండాఫ్‌ని మరతో బేస్‌కి బిగించి, మర గాట్లకి కొంచెం వాజలిన్ రాసి, కొసకి ఎపాక్సీ పెట్టి, బేస్‌ని బాడీలో మామూలుగా కూర్చోబెట్టెయ్. వెనక మర బిగించి ఒక రాత్రి వదిలెయ్. అలా చేస్తే స్టాండాఫ్ తనకి తానే సరైన చోట, సరైన వాలులో అతుక్కుంటుంది. విడిగా అతికించి తర్వాత బేస్ పెడితే అర మి.మీ. తేడా వచ్చినా బెజ్జాలు కలవవు.

ఎపాక్సీ స్టాండాఫ్ చుట్టూ చిన్న గట్టులా ఉండాలి, బేస్ వైపు పాకకూడదు. బేస్‌కి తగిలే చోట సెల్లోటేపు వేసి బెజ్జం మాత్రం పొడిచి ఉంచు.

ఇరుసుగాడి

నాలుగో ప్రశ్నకి ఇంకా ఎవరూ రాలేదు. అసలు ఇది రంగుకి ముందు చెయ్యాల్సిన పని. కొత్త టైరు ఫెండర్‌కి రాసుకుంటోందని రంగేశాక తెలిస్తే, ఫెండర్ లోపల గ్రైండ్ చెయ్యాలి, రంగు పెచ్చులూడుతుంది.

పాత చక్రాలు తియ్యకముందు మూడు కొలతలు రాసుకో: ఎడమ చక్రం బయటి అంచునుంచి కుడి చక్రం బయటి అంచుకి ఎంత, చక్రం ఎత్తు, ఇరుసు మందం. ముందువి వెనకవి వేరుగా కొలువు, చాలా కార్లకి వెనక చక్రం పెద్దది. ఇరుసు సన్నని ఉక్కు తీగ, దాదాపు 1 మి.మీ., కానీ కాలిపర్ చెప్పిందే లెక్క.

బాడీ విప్పాక ఇరుసులు బేస్ గాడిలో కూర్చుని ఉంటాయి, పైనుంచి సీట్ల ముక్క అదిమి పట్టుకుంటుంది. ఎత్తితే వచ్చేస్తాయి. సీట్ల ముక్కకి ప్లాస్టిక్ మేకులు కరిగించి అతికించిన రకమైతే బ్లేడుతో ఆ తలలు తియ్యి.

రబ్బర్ సెట్టులో ఇరుసు పొడవు నీ కారుకి సరిపోవడం అరుదు. అందుకని ఇరుసుని మధ్యలో కోసి ట్యూబులో కలపాలి. దీనికి మెడికల్ షాపులో 16 గేజ్ సూది అడుగు. బయటి మందం 1.65 మి.మీ., లోపలి ఖాళీ 1.19, కాబట్టి 1 మి.మీ. తీగ హాయిగా దూరుతుంది. 18 గేజ్ లోపలి ఖాళీ 0.84 మాత్రమే, దూరదు. సూది మొనని ముందే కోసి పారెయ్. రోటరీ టూల్ కటాఫ్ డిస్కుతో కొయ్యాలి, కటింగ్ ప్లయర్‌తో కోస్తే ట్యూబు నొక్కుకుపోతుంది. కళ్ళద్దాలు తప్పనిసరి, ఆ డిస్కులు పగిలి ఎగురుతాయి.

ట్యూబు పొడవు రెండు చక్రాల లోపలి అంచుల మధ్య దూరం కంటే 1 మి.మీ. తక్కువ ఉండాలి. బేస్ గాడి ట్యూబుకి ఇరుకుగా ఉంటే గుండ్రటి సూది ఆకురాయితో 1.7 దాకా వెడల్పు చెయ్యి. కారు కిందికి దిగాలంటే ఇరుసు పైకి జరగాలి, కాబట్టి దాన్ని పైనుంచి అదిమే సీట్ల ముక్కని ఆ చోట అరగదియ్యి: అర మి.మీ. అరిగితే అర మి.మీ. దిగుతుంది. రెండు వైపులా సమానంగా లేకపోతే ఒక చక్రం గాల్లో నిలబడుతుంది, అద్దం ముక్క మీద పెట్టి చూడు.

ఈ సెట్టుల్లో చక్రం తిరిగేది ఇరుసు కొస మీద, ఇరుసు తిరగక్కర్లేదు. కాబట్టి రెండు ఇరుసు ముక్కలనీ ట్యూబులో అంటించెయ్యొచ్చు. ఫెవిక్విక్ లాంటి నీళ్ళ జిగురు మాత్రం వాడొద్దు. తీగ వెంట పాకి చక్రం దాకా పోయి దాన్నీ బిగించేస్తుంది. పైగా దాని ఆవిరి పక్కనున్న అద్దాల ముక్క మీద తెల్లటి పొగలా పడుతుంది, తుడిస్తే పోదు. ఎపాక్సీ అగ్గిపుల్ల కొసతో లోపలి చివర మాత్రమే పెట్టు. అద్దాల ముక్క బాడీలో వదులైతే ఫెవికాల్ చుక్క చాలు, ఆరాక కనబడదు.

అంటించే ముందు ఇరుసులని జిగురు పుట్టీతో తాత్కాలికంగా నిలబెట్టి, బాడీ మూసి, రెండు మరలూ పూర్తిగా బిగించి చూడు. వేళ్ళతో వదులుగా మూసి చూస్తే అంతా సరిగ్గానే ఉంటుంది, మర బిగించగానే బాడీ ఇంకొంచెం కిందికి కూర్చుని టైరుకి తగులుతుంది. టైరుకీ ఫెండర్‌కీ మధ్య పైన అర మి.మీ., పక్కన 0.3 మి.మీ. ఖాళీ ఉంచు, రంగు పొరలకి కూడా చోటు కావాలి.

చివరి బిగింపు: ముందు మర సగం, వెనక మర సగం, మళ్ళీ ముందు, మళ్ళీ వెనక. మర తల బేస్‌కి తగిలాక ఎనిమిదో వంతు చుట్టు, అక్కడితో ఆపు. ఒకటి పూర్తిగా బిగించి రెండోది మొదలెడితే ప్లాస్టిక్ బేస్ వంగి ఇరుసుని నొక్కుతుంది. కారు తోస్తే రెండడుగులు కూడా పోదు. అలా ఉంటే చక్రాలని అనుమానించకుండా ముందు ఆ మర పావు చుట్టు వదులు చేసి చూడు.